పొట్లముపై వ్రాత

బాలబాలికలారా! సాయంకాలము బడి విడిచిన గంట మ్రోగగానే మీలో పలువురి కాళ్లు తమంత తామే వీధి మలుపునందలి అంగడి వైపు నడచును. ఆ అంగడి గుమ్మమునకు తోరణములవలె రంగురంగుల పొట్లములు వ్రేలాడుచుండును. ఒకదానిపై నవ్వుచున్న బాలుని బొమ్మ, మఱియొకదానిపై పచ్చని చేను, వేఱొకదానిపై ఎఱ్ఱని గుండె గుర్తు. వానిపై పెద్ద అక్షరములతో అచ్చువేసిన మాటలను మీరు చదివియే యుందురు. కాని పొట్లమును వెనుకకు త్రిప్పి, చీమ తలలంతటి అక్షరములతో అచ్చువేసిన మాటలను చదివినవారు మీలో ఎందఱు?

“తెల్లనివన్నియు పాలు కావు, నల్లనివన్నియు నీళ్లు కావు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతకు తగిన వస్తువొకటి నూఱు సంవత్సరములకు పైగా లోకమునందలి వంటయిండ్లలో మెలగినది. అది మీగడవలె తెల్లగా నుండును. నేతివలె పేరుకొని యుండును. కాని అది మీగడయు గాదు, నేయియు గాదు. దాని పుట్టుకను, దానిలో దాగిన దోషమును పెద్దలు కనుగొన్న విధమును, పొట్లముపై వ్రాతను చదువవలసిన తీరును ఈ పాఠమున తెలిసికొందము.

మొట్టమొదట ఒక మాట. క్రొవ్వు మనకు శత్రువు కాదు. 1 గ్రాము పిండిపదార్థము మన దేహమునకు 4 కిలోకాలరీల శక్తి నొసగగా, 1 గ్రాము క్రొవ్వు 9 కిలోకాలరీల శక్తి నొసగును. ఏ, డి, ఇ, కె అను విటమినులు క్రొవ్వు తోడ్పాటుతోనే దేహమునకు పట్టును. కావున క్రొవ్వును బొత్తిగా మానుట వివేకము కాదు. ఎట్టి క్రొవ్వు, ఎంత క్రొవ్వు అన్నదే మనము విచారింపవలసిన విషయము.

నేయి చలికాలమున గడ్డకట్టును, నువ్వులనూనె గడ్డకట్టదు. ఈ భేదమునకు కారణమేమి? క్రొవ్వునందు పొడవైన గొలుసులవంటి ఆమ్లములు కలవు. కర్బన పరమాణువులు ఆ గొలుసునకు వెన్నెముక వంటివి. వానిని అంటిపెట్టుకొని ఉదజని పరమాణువులుండును. ఉదజని నిండుగా నున్న గొలుసు తిన్నగా నుండును. దానిని సంతృప్త క్రొవ్వు అందురు. నేతిలో ఇట్టివి ఎక్కువ. నువ్వులు, వేరుసెనగ, ప్రత్తిగింజలు మున్నగువాని నూనెలలో కొన్ని తావుల ఉదజని కొఱవడి, ఆ తావులలో గొలుసు వంగియుండును. తిన్నని కట్టెలను మోపుగట్టినచో అవి ఒకదాని నొకటి ఒరసికొని గట్టిగా నిలుచును. వంకర కట్టెలు ఒదుగవు, మోపు వదులగును. అట్లే తిన్నని గొలుసులు గల క్రొవ్వు పేరుకొనును. వంగిన గొలుసులు గల క్రొవ్వు నూనెయై ప్రవహించును.

ఇట్లుండగా, నూనెను పేరుకొనునట్లు చేయవచ్చునా యను ఆలోచన శాస్త్రజ్ఞులకు కలిగెను. మెత్తని పొడిగా చేసిన నికెలు లోహము దగ్గఱ నున్నచో, కర్బన పదార్థముల ఆవిరులతో ఉదజని సులభముగా చేరునని ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ సబాటియే కనుగొనెను. అందులకై 1912వ సంవత్సరమున ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ పద్ధతిని ద్రవరూపమున నున్న నూనెలకు అన్వయించి, 1902వ సంవత్సరమున జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ అనునాతడు పేటెంటు హక్కు పొందెను. 1911వ సంవత్సరమున అమెరికాలో ప్రత్తిగింజల నూనెనుండి చేసిన ‘క్రిస్కో’ అను గట్టి క్రొవ్వు అంగళ్లకు వచ్చెను. మన దేశమున ఇట్టి క్రొవ్వునకు వనస్పతి యని పేరు. 1937వ సంవత్సరమున ‘డాల్డా’ అను పేరుతో బయలుదేరిన వనస్పతి ఎంతగా వ్యాపించెనన, తెలుగువారి యిండ్లలో ఏ వనస్పతినైనను డాల్డా యనియే పిలుచుట అలవాటయ్యెను.

దాని వ్యాప్తికి కారణములు లేకపోలేదు. నేయి ప్రియము, వనస్పతి చవుక. అది మండువేసవిలోను తొందరగా మక్కువాసన వేయదు. దానితో చేసిన బిస్కట్లు కరకరలాడును. పఫ్ అను తినుబండారము పొరలు పొరలుగా విడివడును. పెండ్లి వంటలకు, మిఠాయి కొట్లకు, రొట్టెల బట్టీలకు అది వరమువలె కనబడెను. నేయి కొనలేని పేదవాడు కూడ పండుగనాడు పిల్లలకు తీపి వండిపెట్టగలిగెను. కావున వనస్పతిని వాడిన మన ముత్తాతలను, అవ్వలను నిందింపరాదు. వారెఱుగని దానికి వారు బాధ్యులు కారు.

ఆనాడు ప్రభుత్వమునకు కలిగిన భయము వేఱు. వర్తకులు వనస్పతిని నేతిలో కలిపి అమ్ముదురేమోయని వెఱచి, వనస్పతిలో నూటికి 5 వంతులకు తగ్గకుండ నువ్వులనూనె చేర్చవలెనని నిబంధన చేసిరి. నువ్వులనూనెను కొన్ని రసాయన ద్రవ్యములతో కలిపి పరీక్షించినచో గులాబివన్నె పుట్టును. నేతిలో ఆ వన్నె కానవచ్చినచో వనస్పతి కలిసినదని తేలిపోవును. ఉపాయము చక్కనిదే. కాని అది నేతిని కాపాడుటకు చేసిన యుపాయము. వనస్పతి లోపలనే మఱియొక దొంగ దాగియున్న సంగతి అప్పటికి తెలియలేదు.

ఆ దొంగ యెవడు? నూనెలోని కొఱతలనన్నిటిని ఉదజనితో పూరించినచో క్రొవ్వు మైనమువలె బిరుసెక్కి తినుటకు పనికిరాదు. కావున తయారుచేయువారు ఆ పనిని సగములో ఆపుదురు. అట్లు ఆపినప్పుడు కొన్ని గొలుసులలో కొఱత నిలిచియే యుండును. కాని ఆ తావున ఉదజని పరమాణువులు స్థానము మార్చుకొనును. మునుపు రెండును ఒకే ప్రక్క నుండెడివి. ఇప్పుడు ఒకటి ఈ ప్రక్క, ఒకటి ఆ ప్రక్క చేరును. లాటిను భాషలో ‘ట్రాన్స్’ అనగా ‘ఆవలి వైపు’ అని యర్థము. అందుచేత దీనికి ట్రాన్స్ క్రొవ్వు అని పేరు వచ్చినది. గొలుసు వంకర తీఱి తిన్నబడును. చూపునకు సంతృప్త క్రొవ్వువలె నుండును; గుణమున దానికంటెను చెడ్డది. పాలలోను నేతిలోను సహజముగా కొలదిపాటి ట్రాన్స్ క్రొవ్వు కలదు. కాని యంత్రశాలలో సగము ఉదజని పట్టించిన క్రొవ్వులలో అది మిక్కిలి హెచ్చుగా నుండెడిది.

దీనిని గూర్చి లోకమును మొదట హెచ్చరించినవారిలో ఫ్రెడ్ కుమ్మెరో ముఖ్యుడు. ఆయన 1914వ సంవత్సరమున జర్మనీలోని బెర్లిను నగరమున జన్మించి, బాల్యముననే అమెరికాకు చేరి, ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1957వ సంవత్సరమున ఆయనయు ఆయన సహచరులును, మానవదేహపు ధాతువులలో ట్రాన్స్ క్రొవ్వు చేరియున్నదని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. ఆ మాటను నాడు లెక్కపెట్టినవారు కొలదిమందియే. వెన్న మున్నగువానిలోని సంతృప్త క్రొవ్వులపైననే అందఱి దృష్టియు నిలిచియుండెను. వెన్నకు బదులుగా గట్టిపఱచిన నూనెలను తినుట ఆరోగ్యకరమని పలువురు నమ్ముచుండిరి. కుమ్మెరో నిరుత్సాహపడలేదు, కోపగించి పని మానలేదు. ఏండ్లకేండ్లు తన పరిశోధనాలయమున పని చేయుచునే యుండెను.

ముప్పది మూడు సంవత్సరములు గడచినవి. 1990వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశపు శాస్త్రజ్ఞులు మెన్సింక్, కటాన్ అనువారు ఆరోగ్యవంతులకు వేర్వేఱు క్రొవ్వులు గల ఆహారము లిచ్చి, వారి రక్తమును పరీక్షించిరి. మన రక్తమున కొలెస్టరాలు అను పదార్థము రెండు విధములైన బండ్లమీద తిరుగుచుండునని యనుకొనుడు. ఒక విధమైన బండి దానిని రక్తనాళముల గోడలపై దింపిపోవును. రెండవ విధమైన బండి దానిని తిరిగి కాలేయమునకు చేర్చును. సంతృప్త క్రొవ్వు మొదటి బండ్లను పెంచును. ట్రాన్స్ క్రొవ్వు మొదటి బండ్లను పెంచుటయే గాక రెండవ బండ్లను తగ్గించునని ఆ పరీక్షలో తేలెను. చెత్త పోయువారు పెరిగి, ఎత్తువారు తగ్గిన వీధి గతి యేమగునో మీరే యూహింపుడు. గుండెకు రక్తము తెచ్చు నాళములకు పట్టు గతియు అదియే. రోజంతటి ఆహారశక్తిలో నూటికి 2 వంతులు ట్రాన్స్ క్రొవ్వునుండి వచ్చినచో హృద్రోగము నూటికి 23 వంతులు హెచ్చుచున్నదని 2006వ సంవత్సరమున వెలువడిన ఒక సమీక్ష తెలిపెను. ఆ 2 వంతులనగా, 2,000 కిలోకాలరీలు తినువానికి, సుమారు నాలుగున్నర గ్రాములు. అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే!

సంగతి తేలిన తరువాత ప్రభుత్వములు మేల్కొనెను. 2003వ సంవత్సరమున డెన్మార్కు దేశము, 100 గ్రాముల క్రొవ్వులో యంత్రశాలలో పుట్టిన ట్రాన్స్ క్రొవ్వు 2 గ్రాములకు మించరాదని లోకమున మొట్టమొదటగా శాసించెను. అమెరికా వేఱొక మార్గము త్రొక్కెను. 2006వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి ట్రాన్స్ క్రొవ్వు ఎంత యున్నదో పొట్లముపై వ్రాయవలెనని నిబంధించెను. వ్రాసినచో ప్రజలు చదివి జాగ్రత్తపడుదురని ఆ దేశపు తలంపు. కాని ఆ నిబంధనలో ఒక చిన్న సందు మిగిలెను. ఒక వడ్డనకు, అనగా ఒకసారి తిను పాలునకు, అరగ్రాము కంటె తక్కువ యున్నచో ‘0’ అని వ్రాయవచ్చును.

ఆ సందు ఎంత పెద్దదో ఒక లెక్క వేసి చూతము. ఒక బిస్కట్ల పొట్లములో 16 బిస్కట్లున్నవని యనుకొనుడు. తయారుచేసినవాడు ‘ఒక వడ్డన యనగా 2 బిస్కట్లు’ అని నిర్ణయించినాడు. ఆ రెండింటిలో 0.4 గ్రాముల ట్రాన్స్ క్రొవ్వు కలదు. అది అరగ్రామునకు తక్కువ. కావున పొట్లముపై ‘0’ అని అచ్చువేసినాడు. పొట్లములో 8 వడ్డనలు కలవు. 0.4ను 8 చేత గుణించినచో 3.2 గ్రాములు. ట్రాన్స్ క్రొవ్వు రోజునకు 2.2 గ్రాముల కంటె తక్కువగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ పొట్లము నంతయు తిన్న బాలుడు, ‘సున్న’ను తిన్నానని సంతోషించుచునే హద్దు దాటినాడు. సున్నను 8 చేత గుణించినను సున్నయే యని గణితము చెప్పును. కాని అచ్చువేసిన సున్న వేఱు, నిజమైన సున్న వేఱు. ఇందు వ్రాసినవాడు చట్టమును మీఱలేదు. అయినను చదివినవాడు మోసపోయెను. చట్టమునకు లోబడిన మాట యంతయు సత్యమని తలపరాదని ఈ లెక్క మనకు నేర్పుచున్నది.

కుమ్మెరో ఆ సున్నతో తృప్తి పడలేదు. 2009వ సంవత్సరమున, 94 ఏండ్ల వయస్సున, ఈ క్రొవ్వును బొత్తిగా నిషేధింపవలెనని అమెరికా ఆహార, ఔషధ పాలనాసంస్థకు అర్జీ పెట్టెను. నాలుగేండ్లు జవాబు రాకపోగా, 2013వ సంవత్సరమున ఆ సంస్థపై న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. 2015వ సంవత్సరము జూన్ నెలలో, సగము ఉదజని పట్టించిన నూనెలు ఆహారమున సురక్షితములని యెంచుటకు వీలులేదని ఆ సంస్థ తీర్పు చెప్పెను. అప్పటికి ఆ వృద్ధునకు 100 సంవత్సరములు నిండినవి. 1957లో పలికిన మాట నెగ్గుటకు 58 సంవత్సరములు పట్టెను. 2017వ సంవత్సరమున, 102 ఏండ్ల వయస్సున, ఆయన మరణించెను.

2018వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ, యంత్రశాలలలో పుట్టు ట్రాన్స్ క్రొవ్వును అన్ని దేశములును తొలగింపవలెనని పిలుపు నిచ్చెను. మన దేశమును వెనుకబడలేదు. ఈ క్రొవ్వునకు మొదట నూటికి 10 వంతులని, పిమ్మట 5 వంతులని హద్దు పెట్టి, 2021వ సంవత్సరము జనవరి 1నుండి 3 వంతులకును, 2022వ సంవత్సరము జనవరి 1నుండి 2 వంతులకును తగ్గించెను. ఇది గొప్ప మేలు. నేడు చట్టమునకు లోబడి చేసిన వనస్పతి, వెనుకటి వనస్పతి వంటిది కాదు.

అయినచో మనకిక భయము లేదా? నిశ్చింతగా నుండుటకు వీలులేదు. తొలగించిన క్రొవ్వు స్థానమున చాలచోట్ల తాళజాతి నూనె, అనగా పామాయిలు, చేరినది. అందు ట్రాన్స్ క్రొవ్వు లేకున్నను సంతృప్త క్రొవ్వు హెచ్చు. పొట్లము లేకుండ విడిగా అమ్ము పదార్థములపై చదువుటకు వ్రాతయే యుండదు. ఇక ఒకే మూకుడులోని నూనెను మరల మరల కాచినచో అది చెడి హానికరమైన పదార్థములు పుట్టును. అట్టి పదార్థములు నూటికి 25 వంతులు మించిన నూనెను వాడరాదని 2018వ సంవత్సరము జూలై 1నుండి మన దేశమున నిబంధన కలదు. నల్లబడి, చిక్కబడి, పొగలు క్రక్కుచున్న నూనెను కండ్లతోనే పోల్చుకొనవచ్చును.

పొగడ్త మాటల విషయమునను మెలకువ కావలెను. వృక్షముల నూనెపై ‘కొలెస్టరాలు లేదు’ అని వ్రాయుట, తాటిముంజెలో ఎముక లేదని చాటుట వంటిది. కొలెస్టరాలు జంతుసంబంధమైన ఆహారమున నుండునది. నూనెగింజలలో అది లెక్కింపదగినంత యుండనే యుండదు. ట్రాన్స్ క్రొవ్వులో కొలెస్టరాలు లేదు. అయినను రక్తములో చెడు కొలెస్టరాలును పెంచునది అదియే గదా! ‘వేయించినది కాదు, కాల్చినది’ అను మాటయు అట్టిదే. బిస్కట్టును ఎవరును నూనెలో వేయింపరు; అయినను పిండితోపాటు క్రొవ్వును కలిపియే దానిని కాల్చుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024వ సంవత్సరమున ప్రకటించిన ఆహార సూత్రములలో, పొట్లములపై వ్రాతలు ఒక్కొక్కప్పుడు త్రోవ తప్పించునని స్పష్టముగా హెచ్చరించినది.

కావున పొట్లమును చేతికి తీసికొనగానే ముందు దానిని వెనుకకు త్రిప్పుడు. అందు వాడిన పదార్థముల పట్టికను చూడుడు. బరువున ఎక్కువైనది ముందు, తక్కువైనది తరువాత వ్రాయవలెనని నియమము. పట్టిక మొదటనే నూనెయో పంచదారయో కనబడినచో ఆ తిండి స్వభావము తెలిసిపోవును. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఆయిల్, వనస్పతి, మార్జరీన్, షార్టెనింగ్ అను మాటలను గుర్తింపుడు. పిమ్మట పోషకముల పట్టికలోని అంకెలు 100 గ్రాములకా, ఒక వడ్డనకా అని చూడుడు. వడ్డనకైనచో పొట్లములో ఎన్ని వడ్డనలున్నవో లెక్కించి గుణింపుడు. తుదకు ఆ మొత్తమును రోజు హద్దుతో పోల్చుడు. 2,000 కిలోకాలరీలు తినువానికి రోజునకు క్రొవ్వు 67 గ్రాములు, అందు సంతృప్త క్రొవ్వు 22 గ్రాములు, ట్రాన్స్ క్రొవ్వు 2 గ్రాములు అని మన దేశపు పొట్లములకు ప్రమాణము. ఒక చిన్న పొట్లములోనే 35 గ్రాముల క్రొవ్వున్నచో, సగము రోజు క్రొవ్వు ఆ నాలుగు పిడికెళ్లలోనే తీఱిపోయినదని గ్రహింపుడు.

ఇక్కడ మీపై ఒక బాధ్యత కలదు. మన దేశపు నియమము ననుసరించి పొట్లముపై వివరములు ఇంగ్లీషులోగాని హిందీలోగాని యున్నచో చాలును. తెలుగులోను వ్రాయవచ్చును గాని వ్రాసితీరవలెనని లేదు. మీ యింట ఇంగ్లీషు రాని తల్లి యుండవచ్చును. ఏ యక్షరమును రాని అవ్వ యుండవచ్చును. మనుమనిపై ప్రేమతో ఆమె తన కొంగున ముడివేసికొన్న డబ్బుతో ఆ పొట్లమును కొని తెచ్చును. దాని వెనుక నున్న వ్రాత ఆమెకు వట్టి గీతలు. ఎనిమిదవ తరగతి చదువుచున్న మీకు అది చదువ వచ్చును, గుణించుట వచ్చును. ఆ వ్రాతను చదివి ఆమెకు తెలుగున చెప్పినచో మీ చదువు ఆ యింటికి దీపమగును. వేయించిన సెనగలు, వేరుసెనగపప్పు ఉండలు, నువ్వుండలు, అరటిపండు మొదలగునవి మన యూళ్లలో ఎప్పుడును దొరకునవే. వానిలో ఏమున్నదో తెలిసికొనుటకు పొట్లమును చదువవలసిన పని లేదు.

నోరు రుచిని మాత్రమే యెఱుగును. మేలు కీడులను తెలిసికొనవలసినది బుద్ధి. తినుటకు ముందు చదువుడు, చదివినదానిని లెక్కింపుడు, లెక్కించినదానిని పదుగురికి చెప్పుడు.

ప్రశ్నలు

1. నేయి గడ్డకట్టుటకును, నూనె గడ్డకట్టకుండుటకును గల కారణమును కట్టెల మోపు ఉపమానముతో వివరింపుడు.
2. వనస్పతిలో నువ్వులనూనె చేర్చవలెనని ఏల నిబంధించిరి? ఆ నిబంధనవలన తీఱని లోపమేది?
3. ఫ్రెడ్ కుమ్మెరో జీవితమునుండి మీరు గ్రహించిన నీతి యేమి?
4. ఒక పొట్లములో 5 వడ్డనలు కలవు. ఒక్కొక్క వడ్డనలో 0.45 గ్రాముల ట్రాన్స్ క్రొవ్వు కలదు. మొత్తమెంత? పాఠములో చెప్పిన అమెరికా నిబంధన ప్రకారము పొట్లముపై ఏమని వ్రాయవచ్చును?
5. మీ యింటనున్న ఏదేని ఒక పొట్లముపై వ్రాతను చదివి, దాని సారమును పది వాక్యములలో తెలుగున వ్రాసి, మీ యింటిలోని పెద్దలకు చదివి వినిపింపుడు.